పక్క సెల్లును అడిగితే పోలా!

2022 మే 20న 'ఆర్ఆర్ఆర్' తెలుగులో జీ5 ఓటీటీలోకి వచ్చింది. థియేటర్లో చూసినవాళ్లు మరోసారి, చూడనివాళ్లు మొదటిసారి ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. అమీర్‌పేటలో ఒకే సందులోని హాస్టళ్లలో ఓ 40 మంది మొబైల్ డేటా మీద ఆ సినిమా పెట్టారనుకుందాం. మూడు గంటల సినిమా. ఫోన్ తెరకు సరిపడే నాణ్యతలో ఒకటిన్నర జీబీ లెక్కేసుకున్నా 40 మందికీ కలిపి 60 జీబీ అవుతుంది. అందులో అసలు సరుకు ఒకటిన్నర జీబీయే. తక్కిన 58.5 జీబీ పొల్లు పోకుండా అదే సినిమా. ఎక్కడో డేటా సెంటర్లో ఉన్న ఒకే ఒక్క ఫైలు ఒకే దారిన, ఒకే టవరుకు 40 సార్లు ప్రయాణం చేసిందన్నమాట.

అందరూ ఒకే క్షణాన మొదలుపెడితే టీవీ ప్రసారం మాదిరిగా ఒక్కసారి పంపి ఊరుకోవచ్చు. ఓటీటీ ప్రేక్షకులు అలా కలిసిరారు. ఒకరు అన్నం తింటూ తొమ్మిదింటికి పెడతారు. ఇంకొకరు చదువు ముగించి పదకొండింటికి పెడతారు. మరొకరు సగం చూసి మిగతాది మర్నాటికి దాచుకుంటారు. కోరేది ఒకటే, కోరే వేళలు వేరు. మొబైల్ నెట్‌వర్కుల ఇంజినీర్లు పదేళ్లకు పైగా కుస్తీ పడుతున్న చిక్కు ఇదే.

దీనికి వాళ్లు ఆలోచించిన ఉపాయం వినడానికి సులువుగానే ఉంటుంది. ఎక్కువమంది అడిగే వీడియోల ప్రతులను సందు చివరి టవరులోనే దాచిపెడితే సరి. దీన్ని క్యాషింగ్ అంటారు. ఒక్క టవరులో చోటు చాలకపోతే చుట్టుపక్కల టవర్లు తలా కొంత దాచుకుని, అవసరం పడినప్పుడు ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకుంటాయి. అది సహకార క్యాషింగ్. ఇంతవరకూ పేచీ లేదు. ఎవరు ఏది దాచాలి, అందరూ ఒకటే దాచాలా, తలా ఒకటి దాచాలా అని అడిగినప్పుడే అసలు లెక్క మొదలవుతుంది.

సెల్లు చిన్నదైంది, ఇరుకు వెనక్కి జరిగింది

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ ఇంజినీరు డి.హెచ్. రింగ్ ఒక అంతర్గత పత్రం రాశారు. ఊరంతటికీ ఒకే పెద్ద ట్రాన్స్‌మిటర్ పెట్టే బదులు ప్రాంతాన్ని చిన్న చిన్న గడులుగా విడగొట్టి, ఒక్కో గడికి తక్కువ శక్తి గల ట్రాన్స్‌మిటర్ పెట్టాలన్నది అందులోని సారం. అప్పుడు ఒకచోట వాడిన ఫ్రీక్వెన్సీనే కొంత దూరంలో మళ్లీ వాడుకోవచ్చు. ఆ గడినే ఇప్పుడు సెల్ అంటున్నాం. ఈ ఒక్క ఆలోచన ఎంత దూరం తీసుకొచ్చిందో చెప్పే లెక్క ఒకటుంది. చేతిలో పట్టే మొబైల్ ఫోన్‌తో 1973లో మొదటి కాల్ చేసిన మార్టిన్ కూపర్ వేసిన లెక్క అది. 1957 తర్వాతి అర్ధ శతాబ్దంలో వైర్‌లెస్ సామర్థ్యం సుమారు 10 లక్షల రెట్లు పెరిగింది. అదనపు స్పెక్ట్రమ్ వల్ల వచ్చింది 25 రెట్లు. స్పెక్ట్రమ్‌ను సన్నటి పాయలుగా చీల్చి వాడటం వల్ల 5 రెట్లు, మెరుగైన మాడ్యులేషన్ వల్ల మరో 5 రెట్లు. సెల్లులు చిన్నవి కావడం వల్ల వచ్చింది 1,600 రెట్లు.

కాబట్టి ఇంజినీర్లు సెల్లును ఇంకా ఇంకా చిన్నది చేస్తూ వచ్చారు. పెద్ద టవరు సిగ్నల్ కిలోమీటర్ల మేర పరుచుకుంటే, పికో సెల్‌ది వంద, రెండొందల మీటర్లు. ఇంట్లోనో ఆఫీసులోనో పెట్టుకునే ఫెమ్టో సెల్‌ది కొన్ని పదుల మీటర్లే. ఈ చిన్నవాటన్నిటినీ కలిపి స్మాల్ సెల్స్ అంటున్నారు. వీటికి టవరు కట్టక్కర్లేదు, కరెంటు స్తంభం చాలు. మన దేశంలో 2022 ఆగస్టులో సవరించిన రైట్ ఆఫ్ వే నిబంధనలు వీధి స్తంభాల మీద, బస్ షెల్టర్ల మీద స్మాల్ సెల్స్ బిగించడానికి దారి తెరిచాయి. అప్పుడు పెట్టిన రుసుము కూడా స్వల్పమే: ఒక్కో స్తంభానికి ఏడాదికి పట్టణాల్లో 300 రూపాయలు, పల్లెల్లో 150 రూపాయలు.

ఫోన్ పక్కనే సెల్లు ఉంటే సిగ్నల్ దిట్టంగా ఉంటుంది, డేటా వేగంగా నడుస్తుంది. అయితే ఆ సెల్లుకు వెనకనుంచి సరుకు చేరాలి కదా. సెల్లుకూ ఆపరేటర్ కేంద్రానికీ మధ్య ఉండే ఈ దారిని బ్యాక్‌హాల్ అంటారు. ఫైబర్ వేస్తే దానికి సాటి లేదు. కానీ ప్రతి స్తంభానికీ ఫైబర్ వేయాలంటే రోడ్డు తవ్వాలి, అనుమతులు తెచ్చుకోవాలి, ఖర్చు భరించాలి. మన దేశంలో చాలా టవర్లు ఇప్పటికీ మైక్రోవేవ్ డిష్షుల మీదే నడుస్తున్నాయి. 2018 నాటి జాతీయ డిజిటల్ కమ్యూనికేషన్ల విధానం కనీసం 60 శాతం బేస్ స్టేషన్లకు ఫైబర్ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుందంటే, అప్పటికి పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు. గాలిలోని దారి విశాలమైన కొద్దీ ఇరుకు వెనక దారికి మారింది.

నిల్వ మాత్రం ఏటికేడు చవకైంది. ఒక టెరాబైట్ ఎస్ఎస్‌డీ కొన్ని వేల రూపాయలకే వస్తోంది. ఒకటిన్నర జీబీ సినిమాలు అందులో 660కి పైగా పడతాయి. దారి ఖరీదై, చోటు చవకైనప్పుడు సరుకును ముందే తెచ్చిపెట్టుకోవడం తెలివైన బేరం.

ఎవరు ఏది అడుగుతారు?

ముందే తెచ్చిపెట్టుకోవాలంటే ఏది అడుగుతారో తెలియాలి. ఇక్కడ భాషాశాస్త్రం నుంచి అరువు తెచ్చుకున్న సూత్రం పనికొస్తుంది. ఏ పుస్తకంలోనైనా కొద్దిపాటి మాటలే పదేపదే వస్తాయని, తక్కిన వేలాది మాటలు ఎప్పుడో ఒకసారి కనిపిస్తాయని హార్వర్డ్ పండితుడు జార్జ్ కింగ్‌స్లీ జిఫ్ గత శతాబ్దపు పూర్వార్ధంలో చూపించారు. వెబ్ పేజీల విషయంలోనూ జనం తీరు దాదాపు ఇంతేనని 1999లో లీ బ్రెస్లావ్ బృందం తేల్చింది. జిఫ్ సూత్రంలో ఆకర్షణ ఎంత కొద్దివాటి చుట్టూ గుమిగూడుతుందో చెప్పే ఘాతాంకం ఒకటుంటుంది. వాళ్లు పరిశీలించిన వెబ్ రికార్డుల్లో అది 0.64 నుంచి 0.83 మధ్య ఉంది.

దీన్ని అంకెల్లో పెట్టి చూద్దాం. మొత్తం 1,000 వీడియోలు ఉన్నాయి, ఘాతాంకం 0.8 అనుకుందాం. సెల్లులో ఉన్న పెట్టెలో 50 వీడియోలకే చోటుంది. జనం బాగా అడిగే తొలి 50 అందులో పెడితే మొత్తం కోరికల్లో 42 శాతం అక్కడికక్కడే తీరుతాయి. నూటికి 5 వంతుల సరుకుతో 42 వంతుల గిరాకీ తీరడం చిన్న విషయం కాదు. పెట్టెను రెట్టింపు చేసి 100 వీడియోలు పెడితే? 84 శాతం కాదు, 53 శాతమే. మొదటి 50 తెచ్చిన లాభం రెండో 50 తేలేదు. చోటు పెంచిన కొద్దీ అదనంగా వచ్చే లాభం తగ్గుతూ పోతుంది.

ఈ సూత్రాన్నే నమ్ముకుని పెద్ద వ్యాపారాలు పుట్టాయి. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ప్రొఫెసర్ టామ్ లేటన్, ఆయన విద్యార్థి డేనియల్ లెవిన్ 1998లో మొదలుపెట్టిన అకమాయ్, ప్రపంచమంతటా సర్వర్లు పరిచి వెబ్ పేజీల ప్రతులను జనానికి దగ్గరగా ఉంచింది. నెట్‌ఫ్లిక్స్ 2012లో ఓపెన్ కనెక్ట్ పేరిట సొంత నిల్వ పెట్టెలను ఇంటర్నెట్ సంస్థల ప్రాంగణాల్లోకే పంపడం మొదలుపెట్టింది. రద్దీ తక్కువగా ఉండే వేళల్లో ఆ పెట్టెలు నిండుతాయి. 2016లో యూట్యూబ్ మన దేశంలో తెచ్చిన స్మార్ట్ ఆఫ్‌లైన్ సదుపాయం మరో అడుగు ముందుకేసి, వీడియోను అర్ధరాత్రి దాటాక ఫోన్‌లోకే దించిపెట్టింది. డేటా సెంటర్ నుంచి ఆపరేటర్ దాకా, ఆపరేటర్ నుంచి ఫోన్ దాకా ప్రతులు దగ్గరవుతూనే ఉన్నాయి. ఆపరేటర్‌కూ ఫోన్‌కూ మధ్య మిగిలిన మజిలీ వీధి స్తంభం మీది స్మాల్ సెల్.

నాలుగు పెట్టెలు, మూడు పద్ధతులు

ఇప్పుడు ఒకే వీధిలో నాలుగు స్మాల్ సెల్స్, ఒక్కోదానిలో 50 వీడియోల చోటు ఉన్నాయనుకుందాం. వీధిలోని జనం నాలుగిటి మధ్యా సమానంగా ఉన్నారు. సరుకు సర్దడానికి మూడు పద్ధతులున్నాయి.

మొదటిది ఎవరి దారి వారిది. నాలుగు పెట్టెలూ తొలి 50 వీడియోలనే దాచుకుంటాయి. కోరికల్లో 42 శాతం సొంత పెట్టెలో తీరతాయి. పక్క పెట్టెను అడిగి లాభం లేదు, దాని దగ్గరా అవే ఉన్నాయి. మిగిలిన 58 శాతం బ్యాక్‌హాల్ మీద పడతాయి.

రెండోది పూర్తి పంపకం. నాలుగు పెట్టెల్లో నాలుగు రకాల సరుకు, మొత్తం 200 వీడియోలు. వీధి మొత్తం మీద 65 శాతం కోరికలు తీరతాయి, బ్యాక్‌హాల్ మీద పడేది 35 శాతమే. కానీ సొంత పెట్టెలో దొరికేది 16 శాతానికి పడిపోతుంది. 48 శాతానికి పైగా పక్క పెట్టెల నుంచి తెచ్చుకోవాలి.

మూడోది మధ్యేమార్గం. తొలి 20 వీడియోలు నాలుగు పెట్టెల్లోనూ ఉంటాయి. మిగతా 30 చోట్లలో ఏ పెట్టెది దానిదే, అంటే కలిపి 140 వీడియోలు. సొంత పెట్టెలో 37 శాతం, పక్క పెట్టెల్లో 21 శాతం, బ్యాక్‌హాల్ మీద 42 శాతం.

మెడికల్ షాపులు వరసగా ఉండే బజారుకు వెళ్తే మూడో పద్ధతి కళ్లకు కడుతుంది. పారాసిటమాల్ లేని షాపు ఉండదు. ఎప్పుడో ఒకరు అడిగే మందు మాత్రం నాలుగు షాపుల్లో ఏదో ఒకదాంట్లో ఉంటుంది. 'ఒక్క నిమిషం కూర్చోండి సార్' అని షాపాయన కుర్రాణ్ణి పంపి పక్క షాపు నుంచి తెప్పిస్తాడు. ఈ ఏర్పాటు ఎంతవరకు గిట్టుబాటు అవుతుందన్నది కుర్రాడు పరిగెత్తాల్సిన దూరాన్ని బట్టి ఉంటుంది.

నెట్‌వర్కులోనూ అంతే. సొంత పెట్టె నుంచి ఇవ్వడానికి అయ్యే ఖర్చు 1, దూరంలోని కేంద్రం నుంచి తేవడానికి 10 అనుకుందాం. సెల్లుల మధ్య మంచి ఫైబర్ ఉండి, పక్క పెట్టె నుంచి తేవడానికి 2 అయితే, ఒక్కో కోరికకు సగటు ఖర్చు మొదటి పద్ధతిలో 6.2, రెండో దాంట్లో 4.7, మూడో దాంట్లో 5.0. పూర్తి పంపకమే మేలు. అదే పక్క పెట్టె ఖర్చు 5కు పెరిగితే మొదటిది 6.2 దగ్గరే ఉంటుంది, రెండోది 6.1 అవుతుంది, మూడోది 5.6. మధ్యేమార్గం గెలిచింది. ఖర్చు 8కి చేరితే పూర్తి పంపకం 7.6కి ఎగబాకుతుంది. అప్పుడు ఎవరి దారి వారిదే లాభం. జనం అభిరుచి మారలేదు, పెట్టెలు మారలేదు. పక్కింటి దారి ఖరీదు మారిందంతే, సరైన సర్దుబాటు తలకిందులైంది.

సహకారం అనగానే ఎంత ఎక్కువైతే అంత మంచిదనిపిస్తుంది. ఈ లెక్క ఆ మాట ఒప్పుకోదు. సెల్లుల మధ్య దారి ఎంత పలుకుతుందో తేలనిదే ఎంత సహకరించాలో తేలదు.

వాటి మానాన వాటిని వదిలేస్తే

పెట్టె నిండిపోతే ఏదో ఒకటి తీసేయాలి. కంప్యూటర్ లోకంలో పాతుకుపోయిన పద్ధతి ఎల్ఆర్‌యూ. చాలాసేపటి నుంచి ఎవరూ అడగనిదాన్ని ముందు తీసేస్తుంది. ఒంటరి పెట్టెకు ఇది బాగానే పనిచేస్తుంది. నాలుగు పెట్టెలూ విడివిడిగా ఇదే పాటిస్తే, ఒకే వీధి జనం ఒకే రకం వీడియోలు అడుగుతారు కనుక, కొన్నాళ్లకు నాలుగిట్లోనూ దాదాపు ఒకే సరుకు పోగవుతుంది. అంతకన్నా నష్టం ఇంకొకటుంది. వీధి మొత్తానికి ఒక్క పెట్టెలోనే మిగిలిన ప్రతిని, అది ఆఖరి ప్రతి అని తెలియక ఆ పెట్టె చెరిపేస్తుంది.

ఈ సమస్య స్మాల్ సెల్స్ కన్నా పాతది. 1994లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మైకేల్ డాలిన్, డేవిడ్ ప్యాటర్సన్ తదితరులు ఒకే నెట్‌వర్కులోని కంప్యూటర్లు తమ మెమరీని ఉమ్మడిగా వాడుకునే విధానాన్ని పరీక్షించారు. డిస్కు నుంచి చదవడం కన్నా పక్క కంప్యూటర్ మెమరీ నుంచి తెచ్చుకోవడమే వేగమని వాళ్లు గమనించారు. ఆఖరి ప్రతిని చెరిపేయాల్సి వస్తే పారేయకుండా మరో కంప్యూటర్‌కు పంపించేయాలని, అలా కొన్నిసార్లు తిరిగినా ఎవరికీ అక్కరకు రాకపోతే అప్పుడే వదిలేయాలని నియమం పెట్టారు. నేటి సెల్లుల సహకారానికి ఆ నియమం ఇప్పటికీ పనికొచ్చే పాఠమే.

పక్కవాళ్ల దగ్గర ఏముందో తెలుసుకోవడం ఎలా? ప్రతి కోరికకూ అందరినీ అడుగుతూ పోతే ఆ కబుర్లకే సమయం సరిపోతుంది. ప్రతి పెట్టే తన పూర్తి జాబితాను గంటగంటకూ పంపితే అదో బరువు. బర్టన్ బ్లూమ్ 1970లో కనిపెట్టిన ఫిల్టర్ ఇక్కడ ఆదుకుంటుంది. ఇది జాబితాకు బదులు జాబితా ముద్రను మాత్రమే పంపుతుంది. ఒక్కో వస్తువుకు 10 బిట్లు కేటాయిస్తే చాలు. 10,000 వీడియో ముక్కల వివరం లక్ష బిట్లలో, అంటే 12.5 కిలోబైట్లలో ఇమిడిపోతుంది. దీని గుణం విచిత్రం. ఇది 'లేదు' అంటే నిజంగానే లేదు. లేనిదాన్ని అడిగితే మాత్రం నూటికి ఒకసారి వంతున 'ఉంది' అనేస్తుంది. ఆ ఒక్కసారి పక్క పెట్టెకు వెళ్లి ఉత్త చేతులతో తిరిగొస్తాం. అంత చిన్న నష్టానికి అంత పెద్ద జాబితా మోత తప్పుతుంది.

ఫోనే నాలుగు దిక్కులా అందుకుంటే

సహకారమంటే సెల్లులు తమలో తాము సరుకు మార్చుకోవడమే కానక్కర్లేదు. స్మాల్ సెల్స్ దగ్గర దగ్గరగా ఉంటే వాటి సిగ్నళ్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఫోను ఉన్నచోటి నుంచే రెండు మూడు సెల్లులు అందుతాయి. అప్పుడు ఒకదాంట్లో లేని వీడియోను ఫోను నేరుగా రెండోదాని నుంచి తీసుకోవచ్చు. పక్కింటికి పరిగెత్తే ఖర్చు కూడా ఉండదు.

ఈ ఆలోచనకు ఫెమ్టోక్యాషింగ్ అని పేరు పెట్టి 2012లో లెక్క కట్టి చూపించినవారు అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు: నెగిన్ గోల్రెజాయ్, కార్తికేయన్ షణ్ముగం, అలెగ్జాండ్రోస్ డిమాకిస్, ఆండ్రియాస్ మోలిష్, జుసెప్పె కైరె. బ్యాక్‌హాల్ బలహీనంగా ఉన్నా నిల్వ దండిగా ఉన్న చిన్న సహాయక కేంద్రాలను వీధుల్లో పరచాలన్నది వాళ్ల ప్రతిపాదన. ప్రతి ఫోనుకూ ఒక్క కేంద్రమే అందితే తేలికే, అన్నిట్లోనూ జనం మెచ్చినవే పెట్టాలి. పరిధులు కలిసిపోతే మాత్రం ఏ వీడియో ఎక్కడ పెట్టాలన్నది ఎన్‌పీ-హార్డ్ సమస్య అవుతుందని, అంటే అన్ని సందర్భాల్లోనూ కచ్చితమైన ఉత్తమ సమాధానాన్ని త్వరగా తేల్చే పద్ధతి ఏదీ ఇప్పటికి లేదని, వాళ్లు నిరూపించారు.

అక్కడితో ఆగిపోలేదు. ప్రతి అడుగులోనూ ఆ క్షణానికి ఎక్కువ లాభం తెచ్చే వీడియోను ఎక్కువ లాభం తెచ్చే చోట పెట్టుకుంటూ పోయే అత్యాశ పద్ధతి, ఉత్తమ ఫలితంలో కనీసం సగం ఇచ్చి తీరుతుందని చూపించారు. ఇంకొంచెం కష్టపడే గణితంతో ఆ హామీ సుమారు 63 శాతానికి పెరుగుతుంది. చోటు పెంచిన కొద్దీ అదనపు లాభం తగ్గుతుందని ముందు చూశామే, ఆ గుణమే ఈ హామీకి పునాది. లాభాలు తగ్గుతూ వచ్చే చోట తొలి ఎంపికలే బరువైనవి. అందుకే అత్యాశ ఇక్కడ మరీ దారి తప్పదు.

ఇందులో ఒక మెలిక కూడా ఉంది. సెల్లు అంచున ఉన్న ఫోనుకు సిగ్నల్ బలహీనంగా అందుతుంది, పక్క సెల్లు అడ్డు తగులుతుంది. ఆ రెండు సెల్లుల్లోనూ ఒకే వీడియో ఉంటే, అడ్డు పడాల్సిన సెల్లు కూడా అదే సరుకును కలిసి పంపి తోడు నిలవవచ్చు. ఇంతసేపూ వృథా అనుకున్న నకలు ప్రతి ఇక్కడ బలమైంది. వైవిధ్యం వెనకదారిని కాపాడుతుంది, నకలు గాలిదారిని కాపాడుతుంది. ఏది ముఖ్యమో వీధిని బట్టి తేలాలి.

ఒక్క సందేశం, ఇద్దరికి రెండు సినిమాలు

2014లో బెల్ ల్యాబ్స్ పరిశోధకులు మొహమ్మద్ అలీ మద్దా-అలీ, ఉర్స్ నీసెన్ ప్రచురించిన పత్రం ఈ రంగాన్ని ఇంకో మలుపు తిప్పింది. ఇద్దరు వినియోగదారులు, రెండు సినిమాలు. ఒక్కో సినిమాను రెండు సగాలు చేశారు. రమణ ఫోన్‌లో రెండు సినిమాల మొదటి సగాలు, లత ఫోన్‌లో రెండు సినిమాల రెండో సగాలు రాత్రే దాచారు. మర్నాడు రమణ మొదటి సినిమా అడిగాడు, లత రెండో సినిమా అడిగింది. రమణకు కావాల్సింది మొదటి సినిమా రెండో సగం, అది లత దగ్గరుంది. లతకు కావాల్సింది రెండో సినిమా మొదటి సగం, అది రమణ దగ్గరుంది.

మామూలుగా రెండు సగాలనూ విడివిడిగా పంపాలి. ఈ పద్ధతిలో సెల్లు రెండిటినీ బిట్టు బిట్టుగా కలిపి ఒక్క సగమంత సందేశమే పంపుతుంది. కలిపే నియమం ఎక్స్‌ఓఆర్: బిట్లు ఒకటే అయితే 0, వేరైతే 1. ఒకదాని బిట్లు 1011, రెండోదానివి 0110 అయితే పంపేది 1101. లత దగ్గర 1011 ముందే ఉంది కనుక దాన్ని మళ్లీ కలిపితే 0110 బయటపడుతుంది. రమణ దగ్గర 0110 ఉంది కనుక అతనికి 1011 వస్తుంది. ఒక్క ప్రసారం ఇద్దరికి రెండు వేర్వేరు కోరికలు తీర్చింది. 20 మంది వినియోగదారులు, ఒక్కొక్కరి దగ్గర మొత్తం సరుకులో నాలుగో వంతు నిల్వ ఉంటే, మామూలు పద్ధతిలో 15 సినిమాలంత డేటా పంపాల్సి వస్తుంది. ఇలా అల్లి పంపితే రెండున్నర సినిమాలంత చాలు. తన దగ్గర ఉన్న నిల్వే కాదు, పక్కవాడి దగ్గర ఉన్న నిల్వ కూడా తనకు పనికొస్తోందన్నమాట, వాళ్లిద్దరూ ఒక్క మాట మాట్లాడుకోకుండానే.

మరి దీన్ని వెంటనే ఎందుకు పెట్టేయలేదు? ముక్కల బెడద వల్ల. పైన చెప్పిన 20 మంది లెక్కకు ఒక్కో సినిమాను 15,504 ముక్కలు చేయాలి. 40 మంది అయితే 84,76,60,528 ముక్కలు. రెండు జీబీ సినిమాను అన్ని ముక్కలు చేస్తే ఒక్కో ముక్కకు రెండు బైట్ల పైచిలుకు వస్తుంది. ముక్క కన్నా దాని మీద అంటించే చీటీయే పెద్దదవుతుంది. ఈ ముక్కల సంఖ్యను తగ్గించే ప్రయత్నాల్లో మనవాళ్ల వాటా ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ప్రసాద్ కృష్ణన్ బృందం గ్రాఫ్ సిద్ధాంతాన్ని, ప్రక్షేప జ్యామితిని వాడి తక్కువ ముక్కలతో నడిచే పథకాలను రూపొందించింది. బెంగళూరు ఐఐఎస్సీలో బి. సుందర్ రాజన్ బృందమూ ఇదే రంగంలో పనిచేస్తోంది. ప్రసారంలో లాభం కొంత వదులుకుంటే ముక్కలు బాగా తగ్గుతాయన్నది ఈ పరిశోధనల్లో కనిపించే బేరం.

కాగితం మీంచి స్తంభం మీదికి

ఇన్ని సిద్ధాంతాలున్నా వీధి స్తంభం మీద సినిమాలు దాచే సెల్లులు విరివిగా రాలేదు. నేటికీ క్యాష్ ఎక్కువగా ఆపరేటర్ డేటా సెంటర్ల దగ్గరే ఆగుతోంది. కారణాలు గణితం బయట ఉన్నాయి.

మొదటిది నెట్‌వర్కు నిర్మాణం. 4జీలో ఫోను పంపే ప్రతి ప్యాకెట్టూ ఒక గొట్టంలాంటి ఏర్పాటులో దూరి బేస్ స్టేషన్ దాటి ఆపరేటర్ కేంద్రం దాకా వెళ్లాకే విప్పబడుతుంది. లోపల ఏం ఉందో బేస్ స్టేషన్ చూడదు, చూడాల్సిన పనీ లేదు. డేటాను దగ్గర్లోనే దింపుకునే వెసులుబాటును 5జీ నిర్మాణంలో ముందునుంచీ పెట్టారు. నెట్‌వర్కు అంచున కంప్యూటర్లు, నిల్వ ఉంచడానికి ఐరోపా ప్రమాణాల సంస్థ ఈటీఎస్ఐ 2014లోనే ఒక బృందాన్ని ఏర్పాటు చేసి ప్రమాణాలు రాయిస్తోంది.

రెండోది గుప్తీకరణ. నేడు వీడియోలు దాదాపు అన్నీ హెచ్‌టీటీపీఎస్ తాళం వేసుకుని వస్తున్నాయి. ఒకే సినిమాను 40 మంది చూస్తున్నా ఆపరేటర్‌కు అవి 40 వేర్వేరు తాళాల పెట్టెలుగానే కనిపిస్తాయి. ఇది వినియోగదారుడి గోప్యతకు రక్ష, దాన్ని తొలగించమనడం తప్పు. కాబట్టి సెల్లులో క్యాష్ పెట్టాలంటే ఓటీటీ సంస్థ, ఆపరేటర్ చేతులు కలపాలి. లాభం ఎవరిది, ఖర్చు ఎవరిది అన్న తగువు అక్కడ మొదలవుతుంది. ఒకే స్తంభాల వరసలో పోటీ కంపెనీల సెల్లులుంటే సహకారం ఇంకా కష్టం.

మూడోది గణాంకాల పేదరికం. ఒక స్మాల్ సెల్ కింద ఏ క్షణంలోనైనా ఉండేది కొన్ని పదుల మందే. వాళ్ల కోరికలు చూసి ఏది జనం మెచ్చినదో తేల్చబోతే, నమూనా చాలక లెక్క తప్పుతుంది. నాలుగు సెల్లులు తమ అనుభవాన్ని కలుపుకుంటే అంచనా మెరుగవుతుంది. ఇక్కడ పంచుకునేది సినిమా కాదు, సమాచారం. దానికి ఖర్చయ్యేది కొన్ని కిలోబైట్లే. దారి ఎంత ఖరీదైన చోటైనా ఈ సహకారం గిట్టుబాటు అవుతుంది.

క్యాష్ తీర్చలేని అవసరమూ ఒకటుంది. 2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒక దశలో 5.9 కోట్ల మంది ఒకేసారి చూశారు. ప్రత్యక్ష ప్రసారంలో ముందే దాచడానికి ఏమీ ఉండదు, వచ్చిన ముక్క కొన్ని సెకన్లలో పాతబడుతుంది. అక్కడ అందరికీ ఒకేసారి పంపే ప్రసార పద్ధతులే సరైనవి. వేళలు కలిసినప్పుడు ప్రసారం, వేళలు కలవనప్పుడు క్యాష్.

స్తంభం మీద చోటు ఇచ్చే పని 2022 నిబంధనలు చేశాయి. నిల్వ ఎలాగూ చవకే. వీధిలోని నాలుగు పెట్టెల లెక్క చెప్పేదేమంటే, మిగిలిన లాభం ఆ స్తంభాల మధ్య దారిలో ఉంది. సెల్లు నుంచి కేంద్రానికి వెళ్లే ఫైబర్ గురించి విధానాల్లో అంకెలు పెట్టుకున్నాం. సెల్లు నుంచి పక్క సెల్లుకు దారి ఎంత చవకగా ఉండాలో కూడా అలాగే లెక్కేసుకోవాలి. ఆ దారి ఖరీదు 2 దగ్గరుంటే నాలుగు పెట్టెలు ఒక పెద్ద పెట్టెలా పనిచేస్తాయి. 8 అయితే నాలుగూ ఒకే సినిమాలు దాచుకుని, మిగతా వాటికోసం ఇరుకు బ్యాక్‌హాల్ మీదే ఆధారపడతాయి. పెట్టె కొనేముందు ఇంజినీరు తేల్చుకోవాల్సిన అంకె అదే.